అత్తమ్మ తూకం

మైపాడు,
సోమవారం

గౌరవనీయులైన అత్తమ్మ గారికి,

మీ కోడలు డెబోరా నమస్కరించి రాస్తున్నది.

మీరు ఉత్తరం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి మానేశాక, గ్యాసు బండ వచ్చిన రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టడం తప్ప నేను రాసింది లేదు. తప్పులుంటే మన్నించండి.

నిన్న మీరు ఫోనులో "ఏం వండినావు?" అని అడిగితే నేను "ఆఁ" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. షారన్ వదిన ఫోను స్పీకరులో పెట్టి, "అది నోరు తెరవదులేమ్మా, పప్పో పులుసో నువ్వే అనుకో" అనడం నాకు వినబడింది. వెనక మీ అల్లుడు గారు నవ్వడం కూడా వినబడింది. ఆపైన ఫోను పెట్టేశాను. నిన్న వండింది నెత్తళ్ల పులుసు. ఇప్పుడు చెప్తున్నాను.

మీ అబ్బాయి చేపల బుట్టలతో ఆటోలో నెల్లూరు మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా మీకు క్యారియర్ తెస్తారు కదా. అందులో అడుగు గిన్నెలో ఈ కాగితం పెడుతున్నాను. ఆయన చదవరు. ఆయనకు తెరిచి చూసే అలవాటు అన్నం గిన్నె ఒక్కటే.

పేగు ఆపరేషను అయ్యాక మీరు కూతురి ఇంట్లోనే ఉండిపోవడంతో ఇల్లు బోసిపోయింది. చర్చిలో స్త్రీల కూటానికి మీ బదులు సమాధానమ్మ గారు పాట ఎత్తుతున్నారు. ఎంత పైన ఎత్తుతారంటే, రెండో చరణానికి ఆమె ఒక్కరే మిగులుతారు. మామయ్య కాలు బెణికి ఇంట్లోనే ఉన్నారు. కీమో మందు మీ ఒంటికి ఎలా ఉందో రాయండి.

మీ కోడలు
డెబోరా

---

నెల్లూరు, దర్గామిట్ట

డెబోరాకు,

ఉత్తరం చేరింది. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఉత్తరంలో ఏదీ ఎక్కువ కాలేదు. పెళ్లయి ఇంతకాలమైనా నీ లోపల ఇన్ని మాటలున్నాయని నాకు తెలియదు.

అసలు సంగతి విను. ఆసుపత్రిలో మందు ఎక్కించే ముందు ప్రతిసారీ చెప్పులు విప్పించి తూకం మిషను ఎక్కిస్తారు. పొడుగెంత, బరువెంత అని చూసి, ఇంత మనిషికి ఇంత మందు అని లెక్క కట్టి కలుపుతారు. పెద్ద మనిషికి పెద్ద మందు. నా ఒళ్లు చూసుకుని ఆ విషయంలో నేను ధైర్యంగానే ఉన్నాను. కానీ నా పక్క కుర్చీలో కూర్చునే కోవూరు మస్తానమ్మ ఒక మాట చెప్పింది. "నేను చిక్కిపొయినానని మందు తగ్గించినారక్కా. ఒకసారైతే ఎక్కించకుండానే ఇంటికి పంపించేసినారు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మొన్న చూస్తే నేనూ తగ్గాను. నర్సు బిందు "ఏందమ్మా, తినడంలా?" అని మూతి ముడిచింది. ఆ మూతి నాకు నచ్చలేదు.

అందుకని ఒక పని చెయ్యి. అటక మీద మీ మామయ్య పాత విసురువల ఉంది. వల మునగడానికి దాని అంచున సీసపు గుళ్లు కడతారు కదా, అవి కోసుకో. నా లోపలి పావడాకు నడుము చుట్టూ జేబులు కుట్టి, ఆ గుళ్లు నింపి క్యారియర్‌తో పంపు. మీ మామయ్యకు చెప్పకు. మీ ఆయన హెబ్రోనుకు చెప్పకు. షారన్‌కు తెలిస్తే దర్గామిట్ట మొత్తానికి తెలుస్తుంది. నువ్వు ఎవరితోనూ మాట్లాడవు కాబట్టి నీకు చెప్తున్నాను. ఇన్నాళ్లూ అది నీ లోపం అనుకున్నాను. దేవుడు ఇందుకే పెట్టాడని ఇప్పుడు అర్థమైంది.

కరుణాకుమారి

---

మైపాడు,
శుక్రవారం

అత్తమ్మ గారికి,

పావడా పంపుతున్నాను. క్యారియర్‌లో పట్టలేదు. బియ్యం సంచిలో పెట్టి, "అత్తమ్మ బట్టలు" అని చెప్పాను. మీ అబ్బాయి సంచి ఎత్తి, "అమ్మ ఏం కట్టుకుంటా ఉందిమే, ఇనప చీరా?" అన్నారు. నేను "ఆఁ" అన్నాను. ఈసారి అది పనికొచ్చింది.

ఒక పొరపాటు జరిగింది. పాత వల దించి చూస్తే దానికి ఒక్క గుండు కూడా లేదు. మామయ్య ఎప్పుడో విప్పి కొత్త వలకు కట్టుకున్నారు. మళ్లీ మిమ్మల్ని అడిగే ధైర్యం లేక కొత్త వల గుళ్లే కోశాను. కాలు నయమయ్యేదాకా ఆయన దాన్ని ముట్టుకోరులెండి.

గుళ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా ఒక్కొక్కదాన్నీ పాత చొక్కా గుడ్డలో చుట్టాను. ఒంటికి తగలకుండా జేబులకు రెండు పొరలు వేశాను. ఎలా ఉంటుందో అని నేను కట్టుకుని చూశాను. పీట మీద కూర్చున్నాక లేవలేకపోయాను. కోళ్లు లోపలికి వచ్చి బియ్యం తింటుంటే కూర్చున్నచోటి నుంచే "హుష్" అన్నాను.

అత్తమ్మా, ఒక్క మాట. మందు ఇచ్చే డాక్టరుకే తెలియకుండా ఇలా చెయ్యడం... వద్దులెండి. పెద్దవారు, మీకు తెలుసు.

డెబోరా

---

నెల్లూరు, దర్గామిట్ట

డెబోరాకు,

గెలిచాం!

పావడా నాడా తెగకుండా చూడమని ప్రార్థన చేసుకుంటూ ఆసుపత్రి వరండా అంతా నడిచాను. తడి ఇసుకలో నడిచినట్టు ఉంది. మిషను ఎక్కితే పాత బరువు పాత బరువులాగే కనబడింది. డాక్టర్ వెన్నెల గారు చూసి, "బరువు నిలకడగా ఉందమ్మా, చాలా సంతోషం" అన్నారు. చిన్నపిల్లలా ఉంటుంది, బంగారు తల్లి. ఆమెను మోసం చేస్తున్నానని కాస్త బాధేసింది. కాస్తే.

దిగేటప్పుడు ఒక గుండు గుడ్డలోంచి జారి టంగుమని నేల మీద పడింది. నేను కాలితో తొక్కిపట్టాను.

"ఏందమ్మా ఆ చప్పుడు?" అంది బిందు.

"మోకాలు" అన్నాను.

"మోకాలు ఇనప డబ్బా మాదిరి మోగతా ఉందే!"

"వయసు వస్తే నీదీ మోగుతుందిలే తల్లీ" అన్నాను.

ఇక్కడ షారన్ నన్ను మంచం దిగనివ్వదు. నీళ్ల గ్లాసు అందుకోబోతే లాక్కుంటుంది. పొద్దున గంజి, మధ్యాహ్నం గంజి, సాయంత్రం గ్లూకోజు నీళ్లు. గుడ్డు వేడి చేస్తుందట, చేప ఆపరేషను కుట్లకు పడదట. నువ్వు పంపే చేపలు అల్లుడు తింటున్నాడు. ఆయన మాత్రం బాగా కోలుకుంటున్నాడు.

నోట్లో కొంచెం పుండ్లు. అరచేతులు, అరికాళ్లు కొంచెం మంట. డాక్టరు అడిగితే "బాగున్నాను" అన్నాను. ఇంకొన్ని గుళ్లు పంపు. ఇవి చాలేట్టు లేవు.

కరుణాకుమారి

---

మైపాడు,
ఆదివారం

అత్తమ్మా,

ఇక్కడ కొంప మునిగింది. వల మాత్రం మునగలేదు.

మామయ్య కాలు నయమైందని నిన్న నాకు చెప్పకుండా వల భుజాన వేసుకుని ఏటి గట్టుకు వెళ్లారు. గట్టు మీద నలుగురూ చూస్తుండగా బలంగా విసిరారట. వల నీళ్ల మీద లుంగీ ఆరేసినట్టు పరుచుకుని, అలాగే తేలుతూ పోయిందట. చేపలు కిందనుంచి చూసి ఉంటాయని అందరూ నవ్వారట.

పక్కింటి హజరత్తయ్య మామ కూడా ఆ ఏట్లోనే వల వేస్తారు కదా. మామయ్య నేరుగా వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డారు.

"హజరత్తయ్యా! నా సీసం యాడ పెట్టినావురా?"

"నీ సీసం నాకెందుకు జడ్సనన్నా, కూరొండుకుంటానా?"

"నా వల తేలతా ఉంటే నీ వల మునగతా ఉండాదే!"

"మునిగేదాన్ని వల అంటారన్నా. తేలేదాన్ని దుప్పటి అంటారు."

ఇద్దరికీ మాటలు లేవు. ఈరోజు ఆరాధనలో పాస్టరు సుశీల్ కుమార్ గారు, "ప్రభువా, సీసం తీసినవారి మనసును బరువెక్కించు" అని ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. భయంతో నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా వచ్చింది. చర్చిలో మొదటిసారి నా గొంతు విన్నానని సమాధానమ్మ గారు నన్ను దగ్గరకు తీసుకున్నారు.

నవ్వు కోసం ఇదంతా రాశాను. అసలు రాయవలసింది వేరే ఉంది. మీ అబ్బాయి మొన్న మిమ్మల్ని చూసి వచ్చి అన్నం ముందు ఊరికే కూర్చున్నారు. ఏమని అడిగితే, "అమ్మ చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారిపోతా ఉన్నాయి" అన్నారు. పొట్ట, ముఖం అలాగే ఉన్నాయట, చేతులూ పిక్కలూ మాత్రం పుల్లల్లా అయ్యాయట. అత్తమ్మా, మిషను మీద నిలకడగా ఉన్నది మా మామయ్య వల. మీరు కాదు. డాక్టరు గారు ఆ వలకు కూడా కలిపి మందు పోస్తున్నారు.

మీ మాట నేను ఇంతవరకూ కాదనలేదు. ఇక గుళ్లు పంపను.

డెబోరా

---

నెల్లూరు

డెబోరా,

నోరు వచ్చిందన్నమాట నీకు. మంచిది. పంపకు. నువ్వు పంపకపోతే నా బరువు నేను తెచ్చుకోలేననుకున్నావా?

తెచ్చుకున్నాను. మొన్న మిషను ఎక్కే ముందు చెంబుల కొద్దీ నీళ్లు తాగాను. ఆరోజే మిషను చెడిపోయింది. బాగుచేసేవాడు వచ్చి స్క్రూలు విప్పి, టీ తాగి, మళ్లీ బిగించేదాకా నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. నా అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. చివరికి పరుగెత్తి వెళ్లి వచ్చి, తాగిందంతా పోగొట్టుకుని, నీ పావడాతోనే ఎక్కాను.

నవ్వుకో. ఆ తర్వాత ఇది చదువు.

నాకు భయంగా ఉంది డెబోరా. లోపల ఇంకా ఏ మూలైనా దాని విత్తనం మిగిలి ఉంటే చంపడానికే ఈ మందు అన్నారు. మందు తగ్గితే అది బతుకుతుంది, నేను పోతాను. నాకు తెలిసిన లెక్క అంతే. నోట్లో పుండ్లు కొంచెం కాదు. గంజి కూడా మంటే. అరచేతుల చర్మం ఊడి వస్తోంది, ఈ కలం గుడ్డ చుట్టుకుని పట్టుకున్నాను. మీ మామయ్య ముందు, పిల్లల ముందు ఏడవలేను. డాక్టరుకు చెప్తే మందు కోసేస్తుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. వచ్చే గురువారం మళ్లీ ఎక్కించుకోవాలి. ఎలాగో ఓర్చుకుంటాను.

క.

---

మైపాడు,
మంగళవారం

అత్తమ్మా,

కోపం వస్తే ఈ ఉత్తరం చించెయ్యండి, కానీ చివరిదాకా చదివి చించండి. నేను చెప్పేశాను.

ముందు మామయ్యకు చెప్పాను. తిడతారనుకున్నాను. "అంత బరువు కట్టుకుని నడిచిందా అది?" అన్నారు. తర్వాత వల మడిచి పక్కన పెట్టారు. లేచి హజరత్తయ్య మామ ఇంటికి వెళ్లారు. నేను గోడ పక్కన నిలబడి విన్నాను.

"నా సీసం దొరికిందిరా. నిన్ను అనరాని మాట అన్నాను."

"యాడుంది?"

"మా ఆడది నడుముకు కట్టుకుంది."

"ఏందన్నా, బంగారం కొనిపెట్టలేకపొయినావా?"

ఇద్దరూ నవ్వారు. మామయ్య నవ్వు మధ్యలోనే ఏడుపైంది. హజరత్తయ్య మామ ఏమీ అడక్కుండా టీ తెప్పించారు.

నిన్న మీ అబ్బాయితో ఆటోలో చేపల బుట్టల మధ్య కూర్చుని నెల్లూరు వచ్చాను. మీ దగ్గరికి రాకుండా ఆసుపత్రికి వెళ్లాను. మీ ముఖం చూస్తే నేను చెప్పలేను. మీ అబ్బాయి లోపలికి వస్తానన్నారు. బుట్టల వాసనకు కాపలా అతను బయటే ఆపేశాడు. నేనూ అదే వాసనతో ఉన్నాను, కానీ నన్ను ఎవరూ చూడలేదు. నన్ను ఎప్పుడూ ఎవరూ చూడరు.

డాక్టర్ వెన్నెల గారి ముందు నిలబడ్డాను. "చెప్పమ్మా" అన్నారు. దారిపొడుగునా అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. కొంగు ముడి విప్పి, వలలో మిగిలిన ఒక గుండు తీసి బల్ల మీద పెట్టాను.

ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, కుర్చీలోంచి లేచారు. "ఎవరు మింగినారు?"

బిందు గారు అప్పుడే, "ఎక్స్‌రే రాయమంటారా మేడం?" అన్నారు.

నన్ను పడుకోబెడతారని భయం వేసి, "ఎవరూ మింగలా మేడం! మా అత్తమ్మ కరుణాకుమారి గారు ఇట్లాటివి నడుముకు కట్టుకుని మిషనెక్కతా ఉంది!" అని అరిచాను. బయట వరండాలో కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. బిందు గారు నెత్తిన చెయ్యి పెట్టుకుని, "మోకాలు!" అన్నారు. ఆ తర్వాత నాకు మాటలు ఆగలేదు. పుండ్లు, చేతుల చర్మం, గాజులు, గంజి, నీళ్ల చెంబులు, అన్నీ చెప్పాను.

డాక్టరు గారు మొదట నవ్వారు. చర్మం సంగతి దగ్గర నవ్వు ఆపేశారు. మీ స్కానులు రెండు పక్కపక్కన పెట్టి చూపించారు, ఆపరేషనుకు ముందుది, ఈ మధ్య తీసింది. నడుము దగ్గర అడ్డంగా కోసినట్టు కనబడే బొమ్మ. "ఇదిగో, ఇది కొవ్వు. ఇది కండ. కొవ్వు దాదాపు అంతే ఉంది. కండ ఎంత కరిగిపోయిందో చూడు" అన్నారు. మిషనుకు బరువే తెలుస్తుందట. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత, సీసం ఎంత అని దానికి తెలియదట. ఒకే బరువున్న ఇద్దరికి ఒకే మందు పోసినా ఇద్దరి ఒంట్లోనూ ఒకేలా నడుచుకోదట. మీకు ఇచ్చే మందు ఎక్కువగా సర్దుకునేది కండలోనట, కొవ్వులో కాదట. కండ తగ్గితే అదే మందు ఘాటెక్కి నోటినీ చేతులనూ కాలుస్తుందట.

నాకు అర్థమైంది ఇలా చెప్పాను: "కుండ అంతే ఉంది, చేపముక్కలు తగ్గిపొయినాయి, కారం మాత్రం ఎప్పటంతే వేస్తా ఉన్నాం. అంతేనా మేడం?" ఆమె నన్ను కూర్చోమన్నారు. నేను అంతసేపూ నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది.

సీసం వల్ల మందు పెరిగింది కొంచెమేనట. పెద్ద హాని అది కాదట. మీరు తగ్గిపోతున్న సంగతిని అది ఆమెకు కనబడకుండా చేసిందట. "బరువు అంతే ఉందని నేను నిశ్చింతగా ఉన్నాను. లేకపోతే స్కానులో కండ వైపు ఎప్పుడో చూసేదాన్ని" అన్నారు. పుండ్లు మానేదాకా కొద్దిరోజులు ఆపి, తర్వాత కాస్త తగ్గించి ఇస్తారట. "తగ్గించడం అంటే ఆమెను వదిలేయడం కాదని చెప్పు. మధ్యలో పడిపోకుండా చివరిదాకా మందు తీసుకోగలగాలి, అది ముఖ్యం" అన్నారు. గుడ్లు, చేపలు, పప్పు తినాలట. మంచం దిగి నడవాలట.

గురువారం ఆ సీసం పావడా లేకుండా వెళ్లండి. కట్టుకుని వెళ్లినా ఆమెకు తెలుసు.

మీరు పోతారని నాకూ భయంగానే ఉంది. అందుకే చెప్పాను.

డెబోరా

---

నెల్లూరు, దర్గామిట్ట

కోడలా,

నీ ఉత్తరం చదివి నీతో మాట్లాడకూడదని పట్టుబట్టాను. మాట్లాడకపోయినా నీకు తేడా తెలియదని గుర్తొచ్చి మానుకున్నాను.

గురువారం ఉత్త పావడాతో మిషను ఎక్కాను. అంత చిన్న అంకె నా పెళ్లినాడు కూడా లేదు. బిందు నా చెయ్యి పట్టుకుని దించింది. డాక్టరు తిట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. అదెంత పని అనుకున్నాను. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగినదాన్ని. లేవలేకపోయాను డెబోరా. రెండోసారీ లేవలేకపోయాను. ఇప్పుడు నా ఒంటి మీద సీసం కూడా లేదే, మరెందుకు లేవలేకపోయానని ఆమెనే అడిగాను. అప్పుడు ఏడ్చాను. అక్కడ అందరూ ఏడుస్తారులే, ఎవరూ పట్టించుకోరు.

మందు ఆపిన ఆ రోజులు నేను నిద్రపోలేదు. లోపల అది పెరుగుతున్నట్టే అనిపించేది. అయితే పుండ్లు మానాయి. చేపముక్క నాలుక మీద పెట్టుకుంటే మంట లేదు, రుచి ఉంది. ఇప్పుడు తగ్గించిన మందు ఎక్కించుకుని కూడా తింటున్నాను. స్కానులో కొత్తగా ఏమీ లేదన్నారు. ముందు ముందు చూస్తూ ఉండాలట. చూసుకుందాం.

షారన్‌ను పిలిచి డాక్టరు అంతా చెప్పింది. మొదట అలిగింది. తర్వాత తిరగబడింది, మరో వైపుకు. నన్ను మంచం ఎక్కనివ్వదు. "లెయ్, కూర్చో, లెయ్" అని పోలీసు పరేడు. అల్లుడి పళ్లెంలో గుడ్డు తీసి నా పళ్లెంలో వేస్తోంది. ఆయనే ఇప్పుడు కాస్త చిక్కాడు.

నిన్న చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచాను. ఎవరూ చూడలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

ఇంకో పని ఉంది. వచ్చే గురువారం నువ్వు నా వెంట ఆసుపత్రికి రావాలి. ఆ డాక్టరు పిల్ల ఏం అడిగినా నా నోట "బాగున్నాను" అనే మాటే ముందు వస్తుంది. ఎంత వద్దనుకున్నా అదే వస్తోంది. షారన్ ఉంటే నాకు బదులు తన నడుంనొప్పి చెప్పుకుంటుంది. నువ్వు నా పక్కన నిలబడు.

అత్తమ్మ

---

మైపాడు,
బుధవారం

అత్తమ్మా,

రేపు పొద్దున మొదటి బస్సుకే వస్తున్నాను. డాక్టరు గారు అడిగినప్పుడు ముందు మీరే చెప్పండి. నేను మీ పక్కన నిలబడి వింటాను. "బాగున్నాను" అన్నారో, బయట వరండా దాకా వినబడేట్టు మాట్లాడతాను.

మీ డెబోరా